ఐరేని కుండల్లో మంచినీళ్ళు

ఆ రిసార్టు గేటు దగ్గర నుంచి మా గది గుమ్మం దాకా దారంతా బోర్డులే. కొయ్య పలకల మీద అక్షరాలు చెక్కి, రంగులు వేసి, కొబ్బరి తాళ్ళతో వేలాడదీశారు. అన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. మా కోడలు ఒక్కొక్కటీ చదివి నాకు చెబుతూ వచ్చింది. రండి అని ఒకటి, గుర్రాలు ఇటు అని ఒకటి, భోజనం అటు అని ఒకటి, ఇక్కడ కాసేపు ఊరికే కూర్చోండి అని ఇంకొకటి. తెలుగులో ఉన్నది ఒక్కటే. గేటు పక్కన ముళ్ళకంచెకి ఇనపతీగతో కట్టిన రేకు మీద: "బయటివారు లోపలికి రాకూడదు. వచ్చినచో చర్య తీసుకోబడును."

అది నేనే చదువుకున్నాను.

నలభై ఏళ్ళు దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని నేను. గుడివాడలో మా వీధి చివర రేషన్ షాపు అరుగు మీద పలక పట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళలో నేనూ ఉన్నాను. అప్పటి నుంచి కంటబడ్డ ప్రతి బోర్డూ కూడబలుక్కుని చదవటం అలవాటైంది. బస్సు నుదుటి మీద ఊరి పేరు, మందు సీసా మీద మాటలు, గోడ మీద సినిమా పేరు, ఏది దొరికితే అది. చదవటం వచ్చినందుకు ఆనాటి దాకా సంతోషమే తప్ప ఇంకోటి తెలియదు. ఆ రేకు చదివాక మాత్రం ఒళ్ళు మండింది. రమ్మనే మాటలన్నీ ఇంగ్లీషులో రాసి, రావద్దనే మాట ఒక్కటీ తెలుగులో రాశారంటే, ఎవరు రావాలో ఎవరు రాకూడదో ముందే తేల్చుకుని రాశారన్నమాట.

రాకూడదన్న ఆ బయటివాళ్ళు మా వాళ్ళు. ఆ కంచెకి అవతల, మడ అడవి అంచున ఉన్న పాలెం నేను పుట్టిన పాలెం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో సంగతి ఇది. అప్పటికి మా అబ్బాయి గుడివాడలో రొయ్యల మేత కొట్టు నడుపుతున్నాడు. నేను బందరు నుంచి గంపలో చేపలు తెచ్చి గుడివాడ వీధుల్లో అమ్మి పెంచిన పిల్లవాడు వాడు. మేత బాగా అమ్మిన డీలర్లకి ఆ కంపెనీ వాళ్ళు ఒక బహుమతి పెట్టారు. సముద్రం ఒడ్డున, అడవిలో కొత్తగా కట్టిన రిసార్టులో కుటుంబంతో సహా రెండు రాత్రులు ఉండటం. గుర్రాలు ఎక్కొచ్చు, అడవిలో తిరగొచ్చు, ఈతకొలను ఉంది, వేళకి అన్నీ గదికే తెచ్చిపెడతారు అని వాడు సంబరపడిపోతూ చెప్పాడు.

"అడవి ఏంట్రా, దివిసీమలో?" అన్నాను.

"మడ అడవి అమ్మా. వాళ్ళు అడవి అనే అంటారు."

పామర్రు, కూచిపూడి, చల్లపల్లి, అవనిగడ్డ దాటి కారు నాగాయలంక వైపు తిరిగేదాకా నాకు అనుమానం రాలేదు. ఆ తర్వాత కరకట్ట దిగి ఉప్పుటేరు పక్కన మట్టిరోడ్డు ఎక్కగానే అద్దం దించి బయటికి తొంగిచూశాను. ఆ రోడ్డు మీద చిన్నప్పుడు పీతల బుట్ట నెత్తిన పెట్టుకుని నడిచాను. వాళ్ళు అడవి అంటున్నది మా వంటచెరుకు. మా పీతలు. మా నాన్న తుఫాను వాసన పట్టగానే పడవ తీసుకెళ్ళి కట్టేసుకునే చోటు.

"ఏరా, ఇది మా పాలెం కదరా" అన్నాను.

వాడు వెనక్కి తిరిగి నవ్వాడు. "సర్‌ప్రైజ్ అమ్మా. పుట్టింటికి తీసుకొచ్చాను."

వాడి మీద నాకు కోపం రాలేదు. నిజంగానే నన్ను సంతోషపెట్టాలనుకున్నాడు. మా అన్న పోయాక ఆ పాలెంలో నాకు మిగిలింది మా వదిన, ఆమె కొడుకూ కోడలూ. వదినని చూసి కూడా నాలుగేళ్ళు దాటింది. సాయంత్రం వెళ్ళి కలుద్దాం అనుకున్నాను.

మాకు ఇచ్చింది తాటాకు పాక. పైన తాటాకు, గోడలకి ఎర్రమట్టి పూత, లోపల ఏసీ. నేను పుట్టి పెరిగింది అలాంటి పాకలోనే. దాన్ని ఉప్పెన ఊడ్చుకుపోతే సర్కారు వాళ్ళు సిమెంటు ఇళ్ళు కట్టించారు. ఆ సిమెంటు ఇళ్ళు పెచ్చులు ఊడి, ఇనపచువ్వలు బయటపడి, కంచె అవతల అలానే ఉన్నాయి. కంచె ఇవతల డబ్బున్నవాళ్ళు తాటాకు కింద పడుకోవటానికి వస్తున్నారు. నవ్వొచ్చింది గానీ, నవ్వేంత తీరిక లేకపోయింది. ఎందుకంటే అప్పటికే నా కళ్ళు ఇసుక దిబ్బ కోసం వెతుకుతున్నాయి.

మా పాలెంలో నుయ్యి తవ్వితే ఉప్పునీళ్ళే పడతాయి. తియ్యటి నీళ్ళు ఉండేది ఆ దిబ్బలో ఒక్కచోటే. వానకి కురిసిన నీరు ఇసకలో దిగి, కింద ఉన్న ఉప్పునీటి మీద పలచగా తేలి ఉంటుంది. చేతులతో గుంట తవ్వి, ఊట వచ్చేదాకా కూర్చుని, కొబ్బరిచిప్పతో పైపైన తీసుకోవాలి. ఆ గుంటని చెలమ అంటాం. ఆడవాళ్ళం తెల్లారకముందే వెళ్ళి చుట్టూ చేరి, ఒకరి తర్వాత ఒకరం బిందెలు నింపుకునేవాళ్ళం. ఊళ్ళో తగాదాలన్నీ అక్కడే పుట్టేవి, అక్కడే తీరిపోయేవి. ఒక్క పద్ధతి మాత్రం ఎవరూ తప్పేవాళ్ళు కాదు. దారిన పోయే పరాయివాడు ఎవరైనా దాహం అంటే, ఎవరి వంతు నడుస్తున్నా సరే, ఆ మనిషి పక్కకి జరిగి ముందు వాడికి ముంచి ఇవ్వాలి. కులం అడగకూడదు. ఎక్కడినుంచి వచ్చావని కూడా నీళ్ళు తాగాకే అడగాలి.

దిబ్బ కనిపించలేదు. అది ఉండాల్సిన చోట పచ్చగడ్డి పరిచిన మైదానం, దాని మధ్యలో ఈతకొలను ఉన్నాయి. కొలను చుట్టూ పడక కుర్చీలు. కొంచెం ఎడంగా గుర్రాలశాల. ఒక పనివాడు గొట్టంతో గుర్రానికి స్నానం చేయిస్తున్నాడు. ముందు నీళ్ళు, తర్వాత సబ్బు, తర్వాత మళ్ళీ నీళ్ళు. ఆ నీళ్ళు కాలవలా పారి గడ్డిలోకి పోతున్నాయి. నేను గొట్టం దగ్గరికి వంగి వేళ్ళు తడుపుకుని నోట్లో పెట్టుకున్నాను. ఆ రుచి నాకు తెలియకపోవటం ఏమిటి. మా చెలమ నీళ్ళే.

"అత్తయ్యా, ఏంటది, అందరూ చూస్తున్నారు" అంది కోడలు.

"రోజూ చేయిస్తారా బాబూ స్నానం?" అని ఆ పనివాడిని అడిగాను.

"రెండు పూట్లా చేయిస్తామండీ. ఉప్పుగాలికి వీటి చర్మం పాడవుద్దండీ."

పాలెం వైపు దారి ఎటని అడిగితే, వెనక గేటు సాయంత్రం తాళం వేసేస్తారనీ, పొద్దున ఆడవాళ్ళు వచ్చినప్పుడే తీస్తారనీ చెప్పాడు. ఏ ఆడవాళ్ళని అడిగాను. "నీళ్ళకొచ్చేవాళ్ళండీ. రేపు టిఫిన్ దగ్గర చూస్తారుగా మీరే" అన్నాడు. టిఫిన్ దగ్గర చూడటమేమిటో నాకు అర్థం కాలేదు.

మర్నాడు పొద్దున అర్థమైంది.

టిఫిన్లు పెట్టేది పెద్ద వసారాలో. దాని ముందే గడ్డి మైదానం. ఎండ అప్పుడే ఎక్కుతోంది. మేత డీలర్లు, వాళ్ళ కుటుంబాలు, హైదరాబాదు నుంచి వచ్చిన వేరే అతిథులు కొందరు బల్లల చుట్టూ కూర్చున్నారు. నా ముందు పళ్ళెంలో పెసరట్టు ఉంది. మేనేజరు వచ్చి ముందు ఇంగ్లీషులో, తర్వాత తెలుగులో ఏదో చెప్పాడు. మన పల్లె సంప్రదాయం, ఇక్కడి మత్స్యకార మహిళల ఉదయపు దృశ్యం, ఫోటోలు తీసుకోవచ్చు, అని. మనిషి సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. మాట వెన్నలా ఉంది.

వెనక గేటు తెరిచారు. ఆడవాళ్ళు వరసగా వచ్చారు.

అందరికీ ఒకే రకం నేత చీరలు, మోకాళ్ళ కిందికి ఎగ్గట్టినవి. మా పాలెంలో అట్టా చీర కట్టటం మా అమ్మ తరంతోనే పోయింది. ఇప్పుడు అక్కడి ఆడపిల్లలు కూడా అందరిలాగే పొద్దున్నే నైటీ మీద తువ్వాలు వేసుకుని, ప్లాస్టిక్ బిందె చంకనెత్తుకుని నీళ్ళకెళ్ళేవాళ్ళే. వీళ్ళ నెత్తుల మీద బిందెలు లేవు. కుండలు ఉన్నాయి. తెల్లసున్నం పూసి, దాని మీద ఎరుపు, పసుపు, పచ్చ రంగులతో చుక్కలు, గీతలు, చిలకలు వేసిన కుండలు.

అవి ఐరేని కుండలు.

పెళ్ళప్పుడు కుమ్మరి ఇంటికి మేళంతో వెళ్ళి, కుమ్మరామెకి చీర పెట్టి, పసుపు కుంకుమ చల్లి, ముత్తైదువలు నెత్తిన పెట్టుకుని పెళ్ళింటికి తెచ్చే కుండలు అవి. పెళ్ళయ్యాక ఇంట్లో ఒక మూల దాచుకుంటారే గానీ, మంచినీళ్ళకి ఎవరూ వాడరు. భర్త పోయిన ఆడదాన్ని ఆ కుండ ముట్టుకోనివ్వరు. ఆ ఆచారం మంచిదని నేను చెప్పటం లేదు. నా మొగుడు పోయాక నన్నూ ముట్టుకోనివ్వలేదు, నేనూ ఏడిచాను. అది మాకూ మాకూ మధ్య ఉన్న గొడవ. దాన్ని మేం ఎప్పటికైనా తేల్చుకుంటాం. కానీ ఆ కుండ పేరు కూడా తెలియనివాడు, బజార్లో ముద్దుగా కనిపించిందని కొనుక్కొచ్చి, నెత్తిన పెట్టుకుంటేనే నీకు నీళ్ళు అంటే, దాన్ని ఏమనాలి?

ఆ వరసలో మూడో మనిషి మా వదిన.

బొట్టు లేని నుదురు, జుట్టు పూర్తిగా నెరిసిపోయింది, నడక కొంచెం వంగింది. నెత్తిన చిలకల కుండ. నన్ను చూసింది. ఒక్క క్షణం అడుగు తడబడింది. వెంటనే చూపు పక్కకి తిప్పుకుని, నేనెవరో తెలియనట్టు ముందుకి నడిచింది. పక్క బల్ల దగ్గర కెమెరా పట్టుకున్న ఒకావిడ లేచి, "ఏమండీ, ఆ పెద్దావిడని ఒక్కసారి ఇటు తిరగమనండి, ఫేస్ చాలా బాగుంది" అంది. మేనేజరు చెయ్యి ఊపాడు. మా వదిన ఆగి, ఆవిడ వైపు తిరిగి నిలబడింది.

నేను లేచాను. మా అబ్బాయి నా చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, అత్తయ్యే కదా. ఇక్కడ కాదు. తర్వాత మాట్లాడదాం."

"తర్వాత ఎప్పుడు? ఫోటో తీయటం అయ్యాకా?"

చెయ్యి విడిపించుకుని గడ్డి మీదికి దిగి వెళ్ళి, మా వదిన నెత్తి మీది కుండ అందుకోబోయాను. తను రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది. పెదాలు కదపకుండా అంది:

"పోయి కూచో. నువ్వు రేపు కారెక్కి పోతావు. నేను ఎల్లుండి కూడా రావాల."

ఆ మాటకి నా చేతులు దిగిపోయాయి. మేనేజరు చిరునవ్వుతో దగ్గరికి వచ్చాడు.

"మేడమ్, మీకూ కుండ కావాలా? ట్రై చేస్తారా? చాలామంది గెస్టులు సరదాపడతారు."

"ఈవిడ మా వదిన" అన్నాను.

నవ్వు మాయమై, మళ్ళీ వెంటనే వచ్చింది. "అలాగా అండీ. చాలా సంతోషం. వీళ్ళంతా మా ఫ్యామిలీ లాంటివాళ్ళేనండీ."

"ఈ కుండలు ఏమిటో తెలుసా మీకు?"

"బందరులో కొన్నామండీ. ట్రెడిషనల్ లుక్ ఉంటుందని. ప్లాస్టిక్ బిందెలైతే అడవి వాతావరణానికి బాగుండదు కదండీ. వీళ్ళు ఒప్పుకున్నదేనండీ. మా బోరు నుంచి ఫ్రీగా మంచినీళ్ళు ఇస్తున్నాం. రోజూ."

మా బోరు అన్నాడు. నేను ఇంకేదో అనబోయాను. మా వదిన వెనకనుంచి నా మోచేతి మీద గిల్లింది. చిన్నప్పుడు మా అమ్మ ముందు నేను ఎక్కువ మాట్లాడితే గిల్లినట్టే గిల్లింది. నోరు మూసుకుని, ఆ వరసతోనే నడిచి, మైదానం చుట్టూ తిరిగి, వాళ్ళు గుర్రాలశాల వెనక కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుంటుంటే చూసి, వాళ్ళతోనే వెనక గేటులోంచి పాలెంలోకి వెళ్ళిపోయాను. నా పెసరట్టు ఆ పళ్ళెంలో అలానే ఉండిపోయింది.

ఇంట్లోకి రాగానే వదిన కుండలో నీళ్ళు బిందెలోకి ఒంపి, కుండని గుమ్మం బయటే బోర్లించింది. లోపలికి తేదట.

"ఇంట్లో పెట్టను. నా కోడలు చూస్తే ఏడుస్తది" అంది.

"ఎప్పటినుంచి ఇట్టా?"

"చెలమ మీద కంచె వేసిన కాణ్ణించి." కూర్చుని మోకాళ్ళు రాసుకుంటూ చెప్పుకొచ్చింది. "మొదట ఆయన, ఆ రిసార్టు ఓనరు, కారేసుకుని వచ్చాడు. ఎండలో వచ్చాడు పాపం అని నేనే చెలమలోంచి ముంచి ఇచ్చా. రెండు చెంబులు తాగాడు. కొబ్బరినీళ్ళలా ఉన్నయ్యే, ఎక్కడివి అన్నాడు. ఇక్కడివేనండీ అని దిబ్బంతా తిప్పి చూపిచ్చాం. నీ మేనల్లుడే దగ్గరుండి చూపిచ్చాడు. ఎంత లోతులో ఉంటయ్యి, ఎండాకాలం ఉంటయ్యా, అన్నీ అడిగాడు. అన్నీ చెప్పాం. పరాయి ఊరోడు, ముచ్చటపడ్డాడు అనుకున్నాం."

"తర్వాత?"

"తర్వాతేముంది. దిబ్బ ఆయన కొనుక్కున్నాడంట. మాదని మేం ఎప్పుడన్నా అన్నామా? నీళ్ళని మాది మాది అనుకుంటారా ఎవరన్నా?"

మా వాళ్ళు తప్ప ఇంకెవరూ చెయ్యని తప్పు అది. పరాయివాడికి ముందు నీళ్ళివ్వటం మాకు నేర్పారు. తాగి, మూతి తుడుచుకుని, ఆ నేల కొనుక్కునేవాడు వస్తే ఏం చెయ్యాలో మాకెవరూ నేర్పలేదు.

కంచె వేశాక ఆడవాళ్ళు వెళ్ళి గేటు దగ్గర కూర్చున్నారట. అప్పుడు ఈ మేనేజరు వచ్చి, లోపల కుళాయి పెట్టిస్తాం, తీసుకెళ్ళండి అన్నాడట. దేవుడిలా ఉన్నాడే అనుకున్నారట. కొన్నాళ్ళకి, అతిథులు నిద్రపోతుంటారు కాబట్టి తెల్లారకముందు రావద్దన్నాడు. కొన్నాళ్ళకి ప్లాస్టిక్ బిందెలు బాగా లేవన్నాడు. తర్వాత నైటీలు వద్దన్నాడు, చీరలు తనే ఇచ్చాడు. తర్వాత కుండలు. తర్వాత దగ్గరి దారిలో కాకుండా మైదానం చుట్టూ తిరిగి వెళ్ళమన్నాడు. ఒక్కొక్కటే వచ్చింది. ప్రతిసారీ ఈ ఒక్కటే కదా అనిపించింది.

"కుండల రోజు చెప్పలేదా వదినా, ఇది మేం ముట్టుకునేది కాదని?"

"చెప్పా. అయితే మీ ఇంట్లోంచి వయసు పిల్లనెవరినైనా పంపండి అన్నాడు. నా కోడలికి ఏడో నెల. ఆ బరువు మోయిస్తానా? నేనే పోతున్నా." తనే నవ్వింది. "మా పాలెంలో రోజూ పెళ్ళేనే. పెళ్ళికొడుకే దొరకట్లా."

నేను నవ్వలేదు. నవ్వనందుకు తనకి కోపం వచ్చింది.

"ఏంటి ఆ మొహం? నీకు ఒక్కరోజుకే ఇంత మండుకొచ్చిందా? నాకు రోజూ రాదనుకున్నావా?"

"అయితే ఎందుకు మోస్తావు? వెళ్ళకండి. ఎవరూ వెళ్ళొద్దు."

"పోకపోతే ఏం తాగాల? గుడివాడ నుంచి నువ్వు ట్యాంకరు పంపుతావా? ఈ చుట్టుపక్కల ఊళ్ళ నూతులన్నీ ఎందుకు ఉప్పయిపోయినయ్యో తెలుసా నీకు? రొయ్యల చెరువులు. నీ కొడుకు మేత ఏస్తాడే, ఆ చెరువులు. ఆ రిసార్టోడి మీద అరిచే ముందు మీ ఇంట్లో అరిచి రా."

చెంప మీద కొట్టినట్టయింది. మా అన్నం కూడా ఆ చెరువుల్లోంచే వస్తోంది. వదిన లేచి వెళ్ళి బిందెలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి నా చేతికి ఇచ్చింది. "తాగు ముందు" అంది. అంత తిట్టాక కూడా ముందు నీళ్ళే ఇచ్చింది.

మధ్యాహ్నానికి మా అబ్బాయి వెతుక్కుంటూ వచ్చాడు. మేనేజరు వాడితో చాలా మర్యాదగా మాట్లాడాడట. మీ అమ్మగారు బాధపడ్డారు, కావాలంటే మీ అత్తయ్యగారిని రేపటి నుంచి వరసలోంచి తప్పిస్తాం, ఆవిడ నీళ్ళు మేమే ఇంటికి పంపుతాం అన్నాడట. వాడు అది శుభవార్తలా చెప్పాడు.

మా వదిన వాడి మొహంలోకి చూసింది. అంతదాకా నా మీద చూపించిన కోపం ఏదీ ఇప్పుడు లేదు. చాలా మామూలుగా అడిగింది.

"నా ఒక్కదానికేనా అబ్బాయ్?"

"అవునత్తయ్యా. నీకు ఇబ్బంది లేకుండా."

"మిగతావాళ్ళు?"

వాడు కంచె వైపు చూశాడు.

"నా ఇంటికి నీళ్ళు తెచ్చి పోస్తుంటే, పక్కింటిది కుండ మోసుకుంటూ నా గుమ్మం ముందు నుంచి పోద్ది. దాని మొహం ఎట్టా చూడమంటావు? చెలమ దగ్గర నేను ఏ రోజూ ఎవరి వంతూ దాటలేదు." గుమ్మం బయట బోర్లించిన కుండ వైపు చూసింది. "ఇంక నేను దాన్ని ముట్టుకోను. రేపు బిందె తీసుకుని పోతా. ఇస్తే ఇస్తాడు, లేకపోతే లేదు."

నేను చెప్పినప్పుడు కదలని మనిషి, ఆ మాటకి కదిలింది. ఆమెని ఒక్కదాన్నీ వరసలోంచి తప్పిస్తాననటం మేనేజరు చేసిన పొరపాటు. అది ఉపకారం అనుకున్నాడు.

మా అబ్బాయి నన్ను వెనక్కి రమ్మన్నాడు. రానన్నాను. "కంపెనీ వాళ్ళు ఉంటారమ్మా అక్కడ" అన్నాడు. "ఉండనీ" అన్నాను. వెళ్ళిపోయాడు. ఆ రాత్రి ఏసీ పాకలో వాళ్ళు పడుకున్నారు. నేను వదిన ఇంట్లో చాప మీద పడుకున్నాను.

మర్నాడు పాలెం ఆడవాళ్ళంతా గేటు తీసే వేళకి బయలుదేరారు. నీలం బిందెలు, ఎర్రబిందెలు, పచ్చబిందెలు. ఒంటి మీద పూల నైటీలు, భుజాల మీద తువ్వాళ్ళు. చీరలు మడతపెట్టి కుండల్లో కుక్కి, ఆ కుండలు గేటు లోపల వరసగా పేర్చి పెట్టారు. మా వదిన ముందు నడిచింది. నా చేతిలో కూడా బిందె ఉంది. మైదానం చుట్టూ తిరగకుండా, అడ్డంగా గడ్డి మీద నుంచి, వసారా ముందు నుంచే కుళాయి దగ్గరికి వెళ్ళాం. వసారాలో గరిటెల చప్పుడు ఆగింది.

కుళాయికి తాళం వేసి ఉంది. తాళంచెవి మేనేజరు దగ్గర. మేం ఆ కుళాయి చుట్టూ చెలమ చుట్టూ కూర్చున్నట్టే గుండ్రంగా కూర్చున్నాం. పక్కనే గుర్రానికి స్నానం జరుగుతోంది.

మేనేజరు గబగబా వచ్చాడు. గొంతు తగ్గించి, "ఏంటమ్మా ఇది, ముందే మాట్లాడుకున్నాం కదా" అన్నాడు.

"మాట్లాడుకున్నాం బాబూ" అంది వదిన. "ఆ కుండలు ఓటిపోయినయ్యి. నీళ్ళు ఆగట్లా."

ఆడవాళ్ళు తువ్వాళ్ళు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈలోగా నిన్నటి కెమెరా ఆవిడ గడ్డి మీదికి వచ్చి నిలబడింది. "ఇవాళ ఆ పెయింటెడ్ కుండలు లేవా అండీ?" అని అడిగింది.

"ఉన్నయ్యమ్మా, గేటు కాడ" అంది వదిన. "పెళ్ళికి కదా అయ్యి. మాకు ఇవాళ దాహం అంతే."

ఆవిడకి ఎంత అర్థమైందో తెలియదు. తాళం వేసిన కుళాయి వంకా, గుర్రం మీద పడుతున్న గొట్టం వంకా, మా వంకా చూసింది. ఇంకా కొందరు అతిథులు వచ్చి ఆవిడ వెనక నిలబడ్డారు. వాళ్ళలో మా కోడలు ఉంది. దాని వెనక, తల దించుకుని, మా అబ్బాయి ఉన్నాడు. అంతమంది చూస్తుండగా నీళ్ళు లేవని చెప్పటం మేనేజరుకి చేతకాలేదు. నవ్వు తెచ్చుకుని, జేబులోంచి తాళంచెవి తీశాడు.

బిందెలు నిండాయి. గెలిచాం అనుకుంటూ నేను గుడివాడ వచ్చేశాను.

ఆ వారంలోనే మేనేజరు కంచె అవతల, పాలెం వైపు, కొత్త కుళాయి పెట్టించాడు. వెనక గేటు మూసి గోడ కట్టేశాడు. ఇప్పుడు కుండలు అక్కర్లేదు, చీరలు అక్కర్లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పట్టుకోవచ్చు. ఆడవాళ్ళు సంతోషించారు. నాకు ఇదీ మింగుడుపడలేదు. మా వాళ్ళని ముచ్చటగా చూపించగలిగినన్నాళ్ళు లోపల ఉంచాడు. చూపించటానికి పనికిరారని తేలగానే గోడ అవతలికి నెట్టాడు. దిబ్బ ఎవరిది, దాని కింద నీళ్ళు ఎవరివి అన్న మాట మాత్రం ఆ రోజూ ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు, తాళం తీయగానే బిందె పట్టాను.

లోపల మోటారు ఆగలేదు. కొలను నిండుతూనే ఉంది, గుర్రాలు రెండు పూట్లా స్నానం చేస్తూనే ఉన్నాయి. రెండో ఎండాకాలానికి కుళాయిలో నీళ్ళు జీడిగా, కాస్త ఉప్పు తగిలేట్టు వచ్చాయి. మూడో ఎండాకాలానికి ఉప్పగా వచ్చాయి. రిసార్టు వాళ్ళకి లారీల మీద నీళ్ళ క్యాన్లు వస్తున్నాయి. పాలెం వాళ్ళు పడవ మీద ఏరు దాటి తెచ్చుకుంటున్నారు, తెచ్చుకోలేనివాళ్ళు ఆ కుళాయి నీళ్ళే తాగుతున్నారు.

మొన్న వెళ్ళినప్పుడు వదిన నాకు టీ పెట్టింది. పాలు పొయ్యలేదు. పాలు లేవేమో అనుకున్నాను. గిన్నెలో ఉన్నాయి.

"పొయ్యవేం వదినా?"

"ఈ నీళ్ళకి విరిగిపోతయ్యే" అంది. "మనవడికి మాత్రం ఏరు దాటి తెచ్చిన నీళ్ళతో పాలు కాస్తున్నా. మనం ఇట్టాగే తాగాల."

తాగాను. ఆ టీ ఉప్పగా ఉంది. రెండో గ్లాసు పోస్తుంటే వద్దనలేదు.